సెలవు నాటి బువ్వ

చంద్రమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. కన్నకూతురు తనను కాకుండా ఇంకొకరిని అమ్మా అని పిలుస్తుందేమోనని.

ఆ భయానికి కారణం రుక్కమ్మ.

రుక్కమ్మది ఏ ఊరో నల్లగండ్లలో ఎవరికీ తెలియదు. వానాకాలంలో ఒకనాడు తలకు నీలం గుడ్డ చుట్టుకుని మియాపూర్ దిక్కు నుంచి నడిచి వచ్చింది. ఊరి చివర పాడుబడ్డ కొట్టంలో చేరింది.

చంద్రమ్మ మగడు రాళ్ల లారీ మీద పోతే ఎప్పటికో గాని రాడు. చంద్రమ్మకేమో కొత్తగా కడుతున్న యూనివర్సిటీలో మొక్కల పని. ఒకనాడు పోకుంటే ఆ నాటి జీతం కోతే. అందుకే ఆదివారాలు కూడా పోయేది. నడక వచ్చీరాని పిల్లను ఎవరో ఒకరు పట్టుకోవాలి.

రుక్కమ్మ ఒప్పుకుంది. పొద్దుగూకాక సత్తు గిన్నెలో ఇంత బువ్వ పట్టుకుపోవడమే ఆమె జీతం.

పిల్ల లేవకముందే చంద్రమ్మ పనికి పోయేది. పని దిగి, కట్టెలు ఏరుకుని ఇల్లు చేరేసరికి పిల్ల రుక్కమ్మ ఒళ్లో నిద్రపోతూ ఉండేది.

"ఇయ్యాల అమ్మా అన్నదా అవ్వా?"

"అన్నది బిడ్డా."

ఎవరిని అని అడగడానికి చంద్రమ్మకు ధైర్యం చాలేది కాదు.

గాంధీ జయంతి ముందురోజు సాయంత్రం మేస్త్రీ నర్సింహ ఆడవాళ్లందరినీ పిలిచాడు.

"రేపు ఎవ్వరు పనికి రావద్దు."

చేతుల్లో కొడవళ్లు అట్లాగే ఆగిపోయాయి. కూలి చేసుకునేవాళ్లకు ఆ మాట కొత్త కాదు. రేపు రావద్దంటే ఇక ఎన్నడూ రావద్దనే.

"ఏం తప్పు జేసినమన్నా?" తోటి కూలి సక్కుబాయి ముందుకొచ్చి అడిగింది.

"తప్పేంది? గాంధి పుట్టినరోజు. రేపు సెలవు. జీతం మాత్రం వస్తది."

"పని జేయకుంటే జీతమా? గిదేం పరాచికం?"

ఆఫీసు గుమస్తా పట్టాభిరామయ్య గుంటూరు వైపు మనిషి. అటుగా పోతూ ఆగి నవ్వాడు.

"నిజమేనమ్మా! ఇకనుంచి మీక్కూడా మాలాగే జీతంతో సెలవులు. రేపు హాయిగా ఇంటిపట్టున ఉండండి."

"ఇంట్ల కూసుంటే జీతమా! గట్లయితే ఆ గాంధి రోజూ పుట్టినా మంచిదే!" అంది సక్కుబాయి.

అందరూ పగలబడి నవ్వారు.

చంద్రమ్మ ఆరోజు కట్టెలు కూడా ఏరలేదు. దారి పొడుగునా ఉరుకే. రేపు పొద్దంతా పిల్ల తనది!

"అవ్వా, రేపు రాకు," అంది గడపలోనే.

రుక్కమ్మ తలెత్తి చూసింది. నిద్రపోతున్న పిల్ల అరికాళ్లు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. సత్తు గిన్నె గోడవారనే మరిచిపోయింది.

మర్నాడు చంద్రమ్మ పెట్టెలోని పచ్చచీర కట్టుకుంది.

పిల్ల లేస్తూనే ఆమె ముఖం చూసి బోరుమంది. గుమ్మం వైపు చేతులు చాచింది.

చంద్రమ్మకు ప్రాణం చివుక్కుమంది. అయినా బెల్లం ముక్క నోట్లో పెట్టింది. కోడిలా కూసింది. మేకలా అరిచింది. పిల్ల ఏడుపు ఆపి వింతగా చూసింది. ఆపైన కిలకిలా నవ్వింది. పొద్దెక్కేసరికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకుంటున్నారు.

మధ్యాహ్నం పిల్ల ఆమె కొంగు పట్టి లాగింది. ఊరి వెనకున్న పెద్ద రాతిగుండు వైపు.

ఎత్తుకుని గుండెక్కింది చంద్రమ్మ. అక్కడినుంచి గోడ అవతల యూనివర్సిటీ మొక్కలు కనిపిస్తాయి.

పిల్ల అటు వేలు చూపింది. "అమ్మ!"

అక్కడ ఎవరూ లేరు.

"అమ్మను నేను గదనే!"

పిల్ల తల అడ్డంగా ఊపింది. మళ్లీ మొక్కల వైపే వేలు.

పక్కన మేకలు కాస్తున్న పోచమ్మ పకపకా నవ్వింది.

"దానికి ఎర్రచీర అమ్మనే ఎరుక చంద్రీ! రుక్కవ్వ దినాం గీ గుండు మీదికి ఎత్తుకొస్తది. 'గదిగో ఎర్రచీర, గదే మీ అమ్మ' అని చూపిస్తది. ఇది ముసలిదాన్నే అమ్మా అన్నదనుకో, నోటి మీద ఏలు పెడ్తది. 'నేను అవ్వను బిడ్డా, అమ్మ గాడ నీళ్లు పోస్తున్నది సూడు' అంటది."

చంద్రమ్మ పిల్లను పోచమ్మ చేతుల్లో పెట్టి ఇంటికి ఉరికింది. రోజూ పనికి కట్టే ఎర్రచీర చుట్టుకుంది. గోడ సందులోంచి దూరి, రోజూ నిలబడే చోట నిలబడి రెండు చేతులూ ఊపింది.

"అమ్మ!" గుండు మీద నుంచి కేక.

రొప్పుతూ వెనక్కి వచ్చి గుండెక్కింది. పిల్ల ఎర్రచీర చూసింది. ముఖం చూసింది. చెంపలు తడిమింది.

"అమ్మ," అంది మెల్లగా.

పోచమ్మ చప్పట్లు కొట్టింది. చంద్రమ్మ నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడు గుర్తొచ్చింది, గోడవారనున్న సత్తు గిన్నె.

రేపు రాకు అంది తను. ఇంకొక్క మాట చెప్పలేదు. మేస్త్రీ చెప్పిన ఆ రెండో మాట, రేపు సెలవని.

గిన్నె నిండా వేడి బువ్వ పెట్టుకుని, పిల్లను చంకనేసుకుని కొట్టానికి పోయింది. కొట్టం ఊడ్చి ఉంది. మనిషి లేదు. పొద్దున్నే మూట కట్టుకుని మియాపూర్ తోవ పట్టిందని బావి దగ్గర ఆడవాళ్లు చెప్పారు.

మీరెప్పుడైనా అటు వెళ్తే, తలకు నీలం గుడ్డ చుట్టుకున్న ముసలమ్మ కనబడితే, ముందు ఆమె ఏమైనా తిన్నదో లేదో చూడండి. ఆ తర్వాత చెప్పండి: పిల్లకు అమ్మను చూపించింది ఎవరో అమ్మకు తెలిసిందని, ఆ రోజు ఉత్త సెలవేనని, సెలవు నాటి బువ్వ కూడా ఆమెకు బాకీ ఉన్నదని.