డాక్టరుగారి సెలయేరు

"ఆ గొట్టాన్ని నీళ్ళలోకి ముంచెయ్యండి డాక్టరుగారూ, చప్పుడుండదు," అన్నాడు చేపల షాపతను.

"చప్పుడు కావాలి," అన్నాడు పళ్ళ డాక్టరు.

"వచ్చేవాళ్ళే పంటి నొప్పితో వస్తారు. చిరాకు పడరూ?"

"జోరుగా వద్దు. సన్నగా, ధార తెగకుండా పడాలి."

షాపతను తల గోక్కున్నాడు. చప్పుడు కావాలని పట్టుబట్టే మనిషి అతనికి ఇంతవరకూ తగల్లేదు.

డాక్టరు ఇంటి ముందు భాగమే ఆస్పత్రి. హాల్లో పేషెంట్లు కూర్చుంటారు, పక్క గదిలో ఆయన పళ్ళు పీకుతాడు. ఇప్పుడు ఆ హాల్లో గోడ వారగా మంచమంత గాజుతొట్టి వచ్చి కూర్చుంది. అందులో ఒక పక్క నేల, ఒక పక్క మడుగు. మధ్యలో కొండవాలులా పేర్చిన రాళ్ళు. అడుగున దాచిన మోటారు నీళ్ళను పైకి తోడుతుంది. అవి రాళ్ళ మీంచి దిగి మడుగులో పడతాయి.

ఇంత హంగామాకీ కారణం ఒక పళ్ళ సెట్టు.

కిందటి నెల, చిన్నప్పుడు బళ్ళో చదువు చెప్పిన మాస్టారు వచ్చారు. మిగిలిన రెండు పళ్ళూ ఊగుతున్నాయి, తీసేసి సెట్టు పెట్టమన్నారు. డాక్టరు గుమ్మంలోనే ఆయన్ని పోల్చుకున్నాడు. ఆయన మాత్రం పోల్చుకోలేదు. బడినిండా పిల్లలు, ఎవరని గుర్తుంటారు? కానీ ఐదో తరగతిలో ఆ ఒక్క మధ్యాహ్నం తరవాత, ఆ బడి వదిలేదాకా డాక్టరును ఎవరూ సొంత పేరుతో పిలవలేదు. పిల్లలు పెట్టిన ఆ కొత్త పేరు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"షుగరుందా మాస్టారూ?"

"ఉంది నాయనా. బీపీ ఉంది. ఈ వయసులో ఉండాల్సినవన్నీ ఉన్నాయి, దేనికీ లోటు లేదు," అని బోసిగా నవ్వారు మాస్టారు.

డాక్టరు తలెత్తి చూశాడు. "అయితే పై నెల రండి. అన్నీ సిద్ధం చేసి ఉంచుతాను," అన్నాడు.

విషయం విని భార్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. "కొంపదీసి మత్తు ఇవ్వకుండా పీకుతారా ఏమిటి?"

"ఛ! పువ్వు కోసినట్టు తీస్తాను."

"మరి?"

"హాల్లో కాసేపు కూర్చోబెడతాను. అంతే."

"రోజూ దేవుడి ముందు అంతంతసేపు కూర్చుంటారు కదండీ, ఆయన్ని క్షమించెయ్యకూడదూ?"

"క్షమిస్తాను. ఒక్కసారి వచ్చి కూర్చుని వెళ్ళనీ."

దేవుడికీ అదే మాట చెప్పుకున్నాడు. ఈ ఒక్కటీ చూడనట్టు ఊరుకో స్వామీ అని దండం పెట్టాడు. దేవుడు ఏమీ అనలేదు. అది ఒప్పుకోవడమో కాదో ఆలోచించే ఓపిక డాక్టరుకు లేకపోయింది.

రాళ్ళు తనే కడిగాడు. నేల వైపు బొగ్గు పరిచి పైన మట్టి పోశాడు. రాళ్ళ సందుల్లో ఫెర్న్ మొక్కలు గుచ్చాడు. ఎండు కొమ్మకు నాచును దారంతో కట్టాడు, పన్నుకు తీగ చుట్టినంత జాగ్రత్తగా. ధార పడేచోట చదును రాయిని జరిపి, విని, మళ్ళీ జరిపి, మళ్ళీ విన్నాడు.

"కొత్త నీళ్ళలో వెంటనే చేపలు వేస్తే చచ్చిపోతాయి. నీళ్ళు కుదురుకునేదాకా ఆగాలి," అన్నాడు షాపతను.

"ఆగడం నాకు అలవాటే," అన్నాడు డాక్టరు.

నీళ్ళు కుదురుకున్నాక చేపలొచ్చాయి. బల్లపరుపు పొట్టలతో రాళ్ళకు అతుక్కుని, ప్రవాహానికి ఎదురు నిలబడే బుల్లి చేపలు. వాటితో నాలుగు రొయ్యపిల్లలు.

"ఇది పెట్టినప్పట్నుంచీ కుర్చీలో నిలవలేకపోతున్నాను డాక్టరుగారూ, మాటిమాటికీ లేవాలనిపిస్తోంది," అంది చీటీలు రాసే అమ్మాయి. చాలా రోజుల తరవాత డాక్టరు నవ్వాడు.

భార్యకు మాత్రం ఒళ్ళు మండింది. "మెత్తటి సోఫా తీసేసి ఈ చెక్కబల్ల ఏమిటండీ? చేపలకు చేసే సేవలో పిసరంత ఇంటికి చెయ్యండి. మిక్సీ పాడై మూల పడింది. పేషెంట్ల బాత్‌రూం గడియ నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ బిగుసుకుపోయింది. కుళాయి కారుతోంది. ఎవర్నైనా పిలవరేం?"

"వచ్చే వారం చూద్దాం."

"మీకు అన్నీ వచ్చే వారమే!"

చెప్పిన రోజున మాస్టారు వచ్చారు. డాక్టరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, చెక్కబల్ల మీద, సరిగ్గా ధార పక్కన కూర్చోబెట్టాడు. చెంబెడు చల్లటి నీళ్ళు తెప్పించాడు.

"మొత్తం తాగెయ్యండి మాస్టారూ. నోరు ఎండిపోకూడదు."

మాస్టారు బుద్ధిగా తాగేశారు. "ఎంత బాగుందయ్యా ఇది! ఆ చేపను చూడు, రాయిని ఎలా కరుచుకుందో. ఏం పట్టుదల!"

"పట్టు వదిలితే పరువు పోతుంది మాస్టారూ," అని డాక్టరు లోపలికి వెళ్ళాడు.

తరవాత వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, చెంప పట్టుకుని బయటికి వస్తున్నారు. ధార పడుతూనే ఉంది. మాస్టారు చేపల్ని చూడటం మానేశారు. కాలు మీద కాలు వేసుకున్నారు. తీసి, మళ్ళీ వేసుకున్నారు. లేచి హాలు చివరి తలుపుదాకా వెళ్ళి, గడియ కదలక తిరిగొచ్చి కూర్చున్నారు. నుదుట చెమట పట్టింది.

డాక్టరు తలుపు తెరిచి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏం మాస్టారూ?"

మాస్టారు సిగ్గుతో చచ్చిపోతూ చిటికెన వేలు పైకెత్తగానే, ఐదో తరగతి మొదటి బల్ల మీంచి అదే వేలు ఎత్తిన రోజున తాను విన్న జవాబును డాక్టరు పొల్లుపోకుండా ఆయనకే అప్పజెప్పాడు: "గంట కొట్టాక వెళ్దువుగాని, కూర్చో!"