తోకలున్న పిల్లలు

పట్నం చెరువులో కప్పలకీ పీతలకీ యుద్ధం ముదిరింది. బుడ్డమ్మ అనే కప్ప తోకలున్న తన పసిపిల్లల్ని తామరాకులో మోసుకెళ్లి, పల్లెలో ఒక వరిమడిలో దించింది.

"నేనొచ్చేదాకా ఎవరు పిలిచినా వెళ్లకండర్రా," అని మరీమరీ చెప్పింది.

యుద్ధం తీరుబడిగా ముగిసింది. బుడ్డమ్మ ఆదరాబాదరాగా మడికొచ్చింది. గట్టుమీద కుర్రకప్పలు కూర్చునున్నాయి.

"తోకలున్న నా పిల్లల్ని చూశార్రా?"

"ఇక్కడెవరికీ తోకల్లేవు పిన్నీ."

తమకీ ఒకప్పుడు తోకుండేదని అటు కుర్రాళ్లకీ గుర్తులేదు, ఇటు బుడ్డమ్మకీ గుర్తులేదు. మడంతా గాలించింది. చివరికి వీళ్లనైనా పెంచుకుందామనిపించింది.

"పోనీ, నాతో వచ్చేస్తారా?"

"రాలేం పిన్నీ. తనొచ్చేదాకా ఎవరు పిలిచినా వెళ్లొద్దని అమ్మ చెప్పింది."

ఎంత బుద్ధిమంతులో, వీళ్లను కన్నతల్లి అదృష్టవంతురాలు అనుకుంటూ బుడ్డమ్మ పక్కమడిలో వెతకడానికి వెళ్లిపోయింది.