మూడో సెన్సర్

కోడలు రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని పాపకి రెండో జడ అల్లుతోంది. వాకిట్లో కారు స్టార్టయి, నాలుగుసార్లు దగ్గి, ఆగిపోయింది.

మామగారు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు.

"మళ్ళీ చచ్చింది! డాష్‌బోర్డులో అదే పసుపు లైటు. మొన్న వేయించిన కొత్త సెన్సర్ కూడా పోయింది. ఈ కాలం సరుకంతా ఇంతే, పేరు గొప్ప ఊరు దిబ్బ!"

"అది రెండోది మామయ్యా. ఒకటి పాడైందంటే నమ్ముతాను. రెండూ పాడయ్యాయంటే ఎలా నమ్మేది?"

"నమ్మకపోవడమేంటి? మలుపులో మెకానిక్ మిషన్ పెట్టి మరీ చూశాడు. కోడ్ వచ్చింది. గాలి కొలిచే సెన్సరేనని చూపించింది. మూడోది తెప్పించమని చెప్పొస్తాను. వచ్చేదాకా పాపని బడికి నడిపించుకునే తీసుకెళ్తాలే."

"తెప్పించొద్దు!" రిబ్బను కింద పడింది. "కోడ్ జబ్బు పేరు చెప్పదు మామయ్యా, నొప్పి ఎక్కడుందో చెబుతుందంతే. కడుపునొప్పి అన్నవాళ్ళందరికీ కడుపు కోసేస్తామా? వైరు తెగిందో, గాలి గొట్టానికి చిల్లు పడిందో చూడకుండా కొత్త సెన్సర్ అంటగడితే అది రిపేరా, దోపిడీయా?"

కోడలు పనిచేసేది కార్ల వర్క్‌షాపులో. పాప లేవకముందే వెళ్ళిపోతుంది కాబట్టి ఇంటి కారు సంగతి మామగారికే వదిలేసింది. ఇవాళ సెలవు. కోడ్ చదివే మిషన్ నిన్ననే అడిగి ఇంటికి తెచ్చుకుంది.

"జీవితమంతా బస్సు నడిపినవాణ్ణి. నాకు చెబుతున్నావా?" మామగారి గొంతు లేచింది. "నా చేతిలో ఏ బండికైనా గీత పడిందా?"

"మీ డ్రైవింగ్‌ని ఎవరన్నారు? నేనంటున్నది ఆ మెకానిక్‌ని."

అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతూ తల ఎత్తకుండానే అన్నారు. "చూడనివ్వండి. చూస్తే అరిగిపోతుందా?"

"కోడ్ వచ్చాక ఇంకా చూసేదేముందని!" అంటూనే ఆయన కోడలి వెనకే వాకిట్లోకి నడిచారు.

కోడలు బానెట్ ఎత్తింది. మిషన్ తగిలించింది. అదే కోడ్. గాలి గొట్టాన్ని వేళ్ళతో నొక్కుతూ చివరిదాకా వెళ్ళింది. ఎక్కడా చిల్లు లేదు. వైరు వెంట వేలు పోనిచ్చింది. తెగలేదు, ఎలుక పంటిగాటు కూడా లేదు. చివరికి సెన్సర్‌కి తగిలించిన కనెక్టర్ పట్టుకుని మెల్లగా లాగింది. అది చేతిలోకి వచ్చేసింది.

"ఇదిగో! పైకి అతుక్కున్నట్టే ఉంది. లోపల పిన్నులు తాకడం లేదు. నిక్షేపంలాంటి పాత సెన్సర్‌ని చెత్తబుట్టలో పడేశాం."

కనెక్టర్‌ని గట్టిగా నొక్కింది. టక్‌మంది. పాత కోడ్ చెరిపి, తాళం తిప్పింది. ఇంజన్ ఈసారి దగ్గలేదు. సన్నగా, ఒకే శ్రుతిలో తిరిగింది. పసుపు లైటు ఆరిపోయింది.

సంతోషించాల్సిన కోడలి మొహం జేవురించింది.

"ఈ కనెక్టర్ క్లిప్పు సరిగ్గా పడితే దానంతటది ఊడదు మామయ్యా. బొటనవేలితో అదిమితేనే వదులుతుంది. సెన్సర్ బిగించినట్టే బిగించి, క్లిప్పు పడకుండా వదిలేశాడు. అది మెల్లగా జారుతుంది, మనం మళ్ళీ వాడి దగ్గరికే పరిగెడతాం. పసిపిల్ల ఎక్కే కారు! నడిరోడ్డు మీద ఆగిపోతే? వెనక నుంచి లారీ వస్తే? వాడి షాపు ముందే నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాను."

"వద్దమ్మాయ్." మామగారి గొంతు దిగిపోయింది. "పోనీలే. పిల్లలు గలవాడు."

"మనం పిల్లలు లేనివాళ్ళమా? ఇందాకటిదాకా ఇల్లెగిరిపోయేలా అరిచారు, ఇప్పుడు వాడి మీద జాలేంటి?"

అత్తగారు మడతపెట్టని చొక్కా ఒకటి చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "సెన్సర్‌ని అనేముందు వైరు చూడమన్నావు కదే తల్లీ. మనిషిని అనేముందు చూసేదేమీ లేదా?"

"దొంగ దొరికాక ఇంకేం చూడాలి అత్తయ్యా?" కోడలు చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "మీరు పాపని కార్లో దింపి రండి మామయ్యా, బాగయిపోయిందిగా. మీరు తిరిగొచ్చేసరికి వాడి సంగతి తేల్చేస్తాను."

మామగారు కదల్లేదు. తిరుగుతున్న ఇంజన్ వైపు చూస్తూ నిలబడ్డారు.

ఒక జడకే రిబ్బనున్న పాప బ్యాగుతో పరిగెత్తుకొచ్చి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "తాతయ్యా, రా! సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడగానే ఆగమని చెప్తాలే. ఆ రోజులాగా మర్చిపోను, ఒట్టు!"

చెప్పు బెల్టు పెట్టుకుంటున్న కోడలి వేళ్ళు ఆగిపోయాయి. అత్తగారు చొక్కాని గుండెలకి అదుముకున్నారు.

మామగారు పాపని సీట్లోంచి కిందికి దింపారు. దాని బ్యాగు తన భుజానికి తగిలించుకున్నారు. తెరిచి ఉన్న బానెట్ దగ్గరికి వెళ్ళి, లోపలికి చూడనైనా చూడకుండా చెయ్యి పెట్టారు. అలవాటైన బొటనవేలు నేరుగా క్లిప్పు మీదికే వెళ్ళి అదిమింది. కనెక్టర్ ఊడి వైరుకి వేలాడింది. ఇంజన్ దగ్గి, ఆగిపోయింది.

ఆయన పాప చెయ్యి పట్టుకుని గేటు దాటి నడిచి వెళ్ళిపోయారు.