టోకెనక్క తొట్టి

టీవీ బిగించే మనిషి టేపుతో గోడ కొలుస్తుంటే, టోకెనక్క వచ్చి చేపల తొట్టికి అడ్డంగా నిలబడింది.

"కాస్త జరగండమ్మా, కింద కూడా కొలవాలి," అన్నాడతను.

"పైన ఎంతైనా కొలుచుకో నాయనా. కింద తొట్టి ఉంది, అది కదలదు," అంది ఆమె.

ఆ పళ్ళ క్లినిక్‌లో టోకెన్లు ఇచ్చేది ఆమే కాబట్టి, డాక్టరు మొదలు రోగుల దాకా అందరికీ ఆమె టోకెనక్కే. ఎవరి దవడ ఎంత వాచిందో ఒక్క చూపులో పసిగట్టి, ఎవర్ని ముందు లోపలికి పంపాలో తేల్చేదీ ఆమే. ఆ పెత్తనానికి డాక్టరు ఏనాడూ అడ్డు చెప్పలేదు. తొట్టి దగ్గరే ఇద్దరికీ పొసగలేదు.

తొట్టి కొన్నది డాక్టరే. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు చేపల్ని చూస్తూ భయం మరిచిపోతారని ఆయన ఆలోచన. నీటి అడుగున తిరిగే మీసాల చేపలు ముచ్చటగా ఉన్నాయని తెచ్చి, కుళాయి నీళ్ళు నింపిన పూటే అందులో వదిలేశాడు. అడుగున మెరిసే గాజురాళ్ళు పోయించాడు. నేలలో మూతి పెట్టి వెతుక్కుని తినే ఆ చేపల మీసాలు కాస్తా రాళ్ళకు ఒరుసుకుని అరిగిపోయాయి. నీళ్ళు మసకబారగానే మొత్తం పారబోయించి కొత్తవి పోయించాడు. చేపలు చచ్చాయి. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ చచ్చాయి. ఒక్కొక్కదాన్నీ కాగితంలో చుట్టి పెరట్లో పాతిపెట్టింది టోకెనక్కే. నోరులేని ప్రాణాల్ని ఇంటికి పిలిచి మరీ చంపుతున్నామనిపించి, ఒకనాడు ఆ గుంట దగ్గరే కూర్చుని ఏడ్చేసింది.

డాక్టరుకూ విసుగొచ్చింది. "అక్కా, ఇంకొక్క చేప చచ్చిందంటే తొట్టి తీసేసి టీవీ పెట్టిస్తాను. చేపనే బతికించలేనివాడి చేతికి పన్ను ఎవరిస్తారు?" అన్నాడు.

"ఇక చావదు. నీళ్ళూ, చేపలూ అన్నీ నాకు వదిలెయ్యండి. మీరు మాత్రం వేలు పెట్టకండి," అంది ఆమె.

ఆనాటి నుంచి టోకెనక్కకు నీళ్ళే లోకమయ్యాయి. గాజురాళ్ళు ఎత్తిపోసి మెత్తటి ఇసుక పరిచింది. పలకరాళ్ళు పేర్చి, దూరి దాక్కోవడానికి గుహలు కట్టింది. కుళాయి నీటిని బకెట్లో నిలవబెట్టి, మందు ఘాటు పూర్తిగా పోయాకనే తొట్టిలో పోసేది, అదీ తీసినంత మేరకే. పొద్దున్నే చిటికెడు మేత వేసేది. అద్దం తుడిచిందంటే చూసేవాడి మొహం అందులో కనబడాల్సిందే. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, పరీక్ష చుక్కలు వేసి, విషం ఉన్నట్టు ఆకుపచ్చగా మారితే ఆ రోజంతా మొహం ముడుచుకుని ఉండేది. మేత కుళ్ళి నీటిలో పుట్టే విషాన్ని తిని బతికే కంటికానని జీవులు ఇసుకలో నెమ్మదిగా పెరగాలని, వాటిని తొందరపెట్టకూడదని చేపల దుకాణం మనిషి చెప్పాడు. ఆ మాట ఆమెకు వేదమైంది. అప్పటి నుంచి ఆ తొట్టిలో ఒక్క ప్రాణం పోలేదు, పెరట్లో ఒక్క గుంట తవ్వలేదు.

టేపు చప్పుడుకు డాక్టరు బయటికి వచ్చాడు.

"పట్టుబట్టకండి అక్కా. అసలు చేప కనబడి ఎన్నాళ్ళయింది?"

"అడుగు చేపలకు వెలుగు గిట్టదు డాక్టరుగారూ. పగటిపూట గుహల్లోంచి రావు."

"బతికే ఉన్నాయంటారా?"

"ముందు నీళ్ళు చూసి మాట్లాడండి. నీళ్ళు బాగుంటే చేపకేం?"

ఇంతలో కట్టుడుపళ్ళ తాతగారు అందుకున్నాడు. పళ్ళసెట్టు వదులైందనో బిగుతైందనో వంక పెట్టుకుని వచ్చి తొట్టి ముందు కూర్చోవడం ఆయనకు అలవాటు. మొన్న ఒకటి తోక ఆడించిందని, బొటనవేలంత ఉందని ఆయన ఘంటాపథంగా చెప్పాడు. దవడ వాచినావిడ కాదంది. ఆమె చూసినదానికి ఒంటినిండా మచ్చలట. ఇద్దరూ వాదనకు దిగి, తమ టోకెన్లు పిలిచినా పలకలేదు.

"మీ కళ్ళు చల్లగుండ తాతగారూ, నాకే కనబడలేదు," అంది టోకెనక్క.

డాక్టరుకు రోషం వచ్చింది. రోజంతా జనాల నోళ్ళలో మూలపన్ను వెతికేవాడికి చేప దొరకదా అని, మూతిగుడ్డ కిందికి లాగి, మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగాడు. ఇప్పుడు ఆయన లేచి ఏమంటాడో, తొట్టి బతుకు అంతే.

చాలాసేపటికి డాక్టరు మొహం విచ్చుకుంది.

"కదిలింది అక్కా. మీసాలు చూశాను. ఎంత ఒత్తుగా పెరిగాయో," అంటూ తన మీసం తనే దువ్వుకున్నాడు.

టీవీ మనిషిని అప్పటికప్పుడే పంపించేశాడు. ఇలాంటి తొట్టి ఇంకే క్లినిక్‌లోనైనా ఉంటే చూపించమని, ఆ రోజు కుర్చీలో నోరు తెరిచినవాళ్ళందరినీ నిలదీశాడు. నోట్లో పరికరం ఉన్నవాళ్ళు కాదనలేకపోయారు.

జనం పలచబడ్డాక టోకెనక్క గాజు గొట్టం తీసి, తొట్టి నీళ్ళు పట్టి, చుక్కలు వేసింది. నీళ్ళు పసుపురంగులోనే నిలిచాయి. నమ్మలేక ఇంకోసారి చేసింది. మళ్ళీ పసుపే. ఈ వారంలో ఒక్కరోజు కూడా ఆకుపచ్చ జాడ లేదు. ఎన్నో ప్రాణాల్ని మట్టిలో పెట్టిన చేతులే ఇంత చక్కని నీటిని తయారుచేశాయని ఆమెకు గర్వంతో ఒళ్ళు పులకరించింది. తొట్టి మీద మూత సర్ది, చేతులు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుంది.

ఇక చేపలు తెచ్చి వేయవచ్చు.