వంతెన మీద పిలుపు

“ఈ లక్షణాలన్నీ ఉన్న మనిషి మీకెవరైనా తెలుసా?”

నిల్దా చోకె టీచరు అడగ్గానే పదో తరగతిలో చేతులన్నీ ఒక్కసారే లేచాయి.

ఆమె వెనక్కి తిరిగింది. బోర్డు మీద తను రాసినవి మరోసారి చూసింది. నిద్ర పట్టదు. అన్నం సయించదు. పైకి నవ్వుతూనే ఉంటారు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తారు.

“అందరికీ తెలుసా? ఎవరు?”

చేతులు దిగిపోయాయి. 

“ఈ గదిలోనే ఉన్నారా?”

“ఉన్నారు ప్రొఫె,” అంది యోసెలిన్. టీచర్ని అక్కడి పిల్లలు పిలిచేది అలాగే. వెనకనుంచి ఎవరో దాని జడ పట్టుకు లాగారు.

“ఇది ఆట కాదర్రా. డిప్రెషన్ అంటే జబ్బు. దాచిపెడితే ప్రాణం మీదికొస్తుంది.”

“జబ్బు కాదు ప్రొఫె, అహాయు జారిపోవడం,” అన్నాడు వ్లాదిమిర్. “మనిషి ఒకచోట, ఆత్మ ఇంకోచోట. వాళ్ల బట్ట తీసుకెళ్లి, జారిపోయిన చోటే గంట కొట్టి, పేరు పెట్టి పిలవాలి. ‘వస్తున్నా’ అని పలుకుతుందట. మా అమ్మమ్మ చెప్పింది.”

“మీ అమ్మమ్మని నీ తెలివిని కూడా పిలవమనరా!” వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు.

క్లాసంతా గొల్లున నవ్వింది. నిల్దా కూడా నవ్వింది.

“పిలిస్తే సరిపోదు. మనసు విప్పి మాట్లాడాలి, డాక్టరుకి చూపించాలి. ఎవరో నాకొక్కదానికైనా చెప్పండి.”

పిల్లలు ఆమె కళ్లలోకి చూడకుండా బయటికి వెళ్లిపోయారు.

రేపటిదాకా ఆగే విషయం కాదిది. స్టాఫ్ రూములో కుర్చీకి తగిలించిన స్వెటర్ కనబడలేదు. వెతికే ఓపిక లేక అలాగే బయల్దేరింది. గేటు దగ్గర కాపలా ముసలాయన తిట్టుకుంటున్నాడు.

“బడి గంట ఎవరో ఎత్తుకుపోయారమ్మా! ఏ వెధవకి పనికొస్తుందది?”

లోయలోంచి పొగమంచు వీధుల్లోకి ఎక్కుతోంది. ముందు యోసెలిన్ ఇంటికి వెళ్లింది. మధ్యాహ్నం రొట్టె ముట్టదు ఆ పిల్ల. గోడ మీద జెరేనియం పూల కుండీలు వరసగా ఉన్నాయి. కిందటి వారం తను ఇచ్చేసినవే.

“ఇంట్లో లేదు టీచరమ్మా,” అంది వాళ్లమ్మ. “పిల్లలంతా కలిసి వంతెన వైపు పోయారు.”

వంతెన! నిల్దా గబగబా అటు నడిచింది. అక్కణ్ణించి కిందికి ఎంత లోతో ఆమెకు బాగా తెలుసు.

సగం దారిలో గంట వినిపించింది. ఆ వెంటనే పిల్లల గొంతులు, అన్నీ కలిసి.

“...వచ్చేయ్! అక్కడుండకు, వచ్చేయ్!”

పేరు మాత్రం గాలికి కొట్టుకుపోతోంది. అప్పటికే ఎవరో దూకేశారా? ఆమె పరుగెత్తింది.

మంచులో క్లాసు క్లాసంతా వంతెన కటకటాల వెంట నిలబడి ఉంది, లోయ వైపు తిరిగి. ఒక్కరూ వెనక్కి చూడలేదు. వ్లాదిమిర్ చేతిలో బడి గంట. యోసెలిన్ కటకటాల మీదికి వంగి లోయలోకి ఏదో ఊపుతోంది.

“యోసెలిన్! వెనక్కి రా తల్లీ! నీకేం కష్టమొచ్చిందో నాతో చెప్పు!”

“నాకేం కాలేదు ప్రొఫె.” ఆ పిల్ల తల తిప్పలేదు. “ఇష్టమైన కుండీలన్నీ నాకిచ్చేసింది మీరు. రోజూ సాయంత్రం ఇక్కడ నిలబడి కిందికి చూసేది మీరు. డాక్టరు దగ్గరికి రేపు మేమే తీసుకెళ్తాం. ముందు ఇది కానివ్వండి.”

అప్పుడు గుర్తుపట్టింది. ఆ పిల్ల చేతిలో ఊగుతున్నది తన నీలం స్వెటర్.

గంట మోగింది.

“నిల్దా చోకె! వచ్చేయ్! మాతో ఇంటికి వచ్చేయ్!”

నిల్దా పెదవి కదపలేదు. ఊపిరి కూడా తీయలేదు.

లోయ అడుగునుంచి, అచ్చం ఆమె గొంతే పలికింది:

“వస్తున్నా.”