పేలిన తుపాకీ

మేరుద్వీపం అనే దేశపు సైన్యానికి కొత్త రైఫిల్ తయారుచేసే కంపెనీలో ప్రొద్దుటూరు యోగానంద డైరెక్టరు, పులివెందుల జయచంద్ర ఇంజనీరు. ఎండకూ దుమ్ముకూ తట్టుకుంటుందో లేదో చూద్దామని దాన్ని జమ్మలమడుగు కొండల్లోకి తెచ్చారు.

ఏళ్ల తరబడి మొరాయించిన రైఫిల్ ఆ ఉదయం ఒక్క తూటా కూడా ఇరుక్కోకుండా పేలింది. జయచంద్ర గంతులేశాడు. యోగానంద తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేస్తివప్పా! ఇది పేలితే పరిశోధనకని వచ్చే డబ్బు ఆగిపోతాది, రేపట్నుంచి మన కంపెనీ ఎందుకు? మధ్యాన్నం మంత్రి వస్తాండాడు. ఆ స్ప్రింగు వదులు చెయ్యి."

"పాత తుపాకులు పేలక ఆడ సరిహద్దులో పిల్లోళ్లు సస్తాండారన్నా. నేను చెయ్యను," అన్నాడు జయచంద్ర.

మధ్యాహ్నం మేరుద్వీపం మంత్రి స్వయంగా కాల్చి చూశాడు. తూటాలన్నీ పేలాయి. ఆయన జయచంద్రను కౌగలించుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

సాయంత్రానికి ఆ మంత్రి సంతకంతోనే ఉత్తర్వు వచ్చింది. రైఫిల్ చప్పుడు మరీ ఎక్కువగా ఉందట, ఇంకో పదేళ్లు పరిశోధన చెయ్యాలట. జయచంద్రను ఉద్యోగంలోంచి తీసేశారు.

"మరి అంత ఏడ్చినాడు కదన్నా?" అన్నాడు జయచంద్ర, నమ్మలేక.

యోగానంద అతని భుజం మీద చెయ్యేశాడు.

"ఏడ్చింది నిజమే అప్పా. కంపెనీలో సగం వాటా ఆయనదే."