చలికి ఆగని గులాబీ

సంచిలో ఆరు జతల ఉన్ని మేజోళ్ళు పెట్టింది సైమి. కాసేపాగి ఇంకో జత తెచ్చి అడుగున కుక్కింది.

"ఏడు జతలా? నాకు కాళ్ళు రెండే సైమీ," అన్నాడు ఆర్వో.

మార్చి నెలాఖరు. సరస్సు ఒడ్డున దులూత్ రేవులో మంచు పగులుతోంది. రేపు ఇనుపరాయి మోసే ఓడలు కదులుతాయి. ఆర్వోకి ఇంజను గదిలో పని. సరస్సు మళ్ళీ గడ్డకట్టే దాకా ఇల్లుండదు.

మధ్యలో పది రోజులకోసారి ఓడ ఈ రేవుకే వస్తుంది. సరుకు నిండడానికి ఆరు గంటలు పడుతుంది. కొండెక్కి ఇంటికి రావడానికి బద్ధకించి, ఆ ఆరు గంటలూ ఆర్వో ఓడలోనే పడి నిద్రపోతాడు.

సైమి వంటింటి కిటికీలోంచి ఆ ఓడను చూస్తూ నిలబడుతుంది.

బల్ల మీద మొక్కల కేటలాగు తెరిచి ఉంది. గుమ్మం పక్కన పాకించడానికి ఒక తీగ గులాబీ తెప్పించాలని చలికాలమంతా అనుకున్నారు.

ఆర్వో పెన్సిలు తీసి ఎర్రదాని చుట్టూ గీత గీశాడు.

"ఇదిగో, ఇదీ గులాబీ అంటే. ఎంత మంచు పడ్డా గోడ మీదే ఉంటుందట. కప్పక్కర్లేదు. ఎవరి సాయమూ అక్కర్లేదు."

"ఎవరూ అక్కర్లేనిది మనింట్లో ఎందుకు?"

సైమి వేలు పక్క బొమ్మ మీద ఉంది. తేనె రంగు పూలు. కింద సన్నటి అక్షరాలు: అక్టోబరులో తీగను గోడ మీంచి దించి, గుంటలో పడుకోబెట్టి, మట్టి కప్పాలి. ఏప్రిల్లో లేపాలి. ఇద్దరు మనుషులు కావాలి.

"అది మన చలికి ఆగదు. ఏటా పాతిపెట్టడం, ఏటా లేపడం! నీకా నడుం నొప్పి. నేనా నీళ్ళ మీద. ఎవరు పట్టుకుంటారు?"

సైమి కాఫీ పోసింది.

"సరేలే. ఎర్రదే రాస్తా."

ఫారం నింపి, కవరు అంటించి, అతని కోటు జేబులో పెట్టింది.

"దార్లో డబ్బాలో వెయ్యి."

అక్టోబరులో రేవుకు కబురు పంపింది. గులాబీని పడుకోబెట్టాలి, రా.

నూనె చేతులతోనే కొండెక్కి వచ్చాడు ఆర్వో. మొక్క మోకాలెత్తు కూడా లేదు. చివర్న వాడిపోయిన తేనె రంగు పువ్వొకటి.

"దీనికి ఇద్దరు మనుషులా?"

"పట్టుకో. ముళ్ళుంటాయి."

"మనం రాసింది ఎర్రది కదూ?"

"పొరపాటున పంపుంటారు."

"అంత పెద్ద కంపెనీ!"

"వాళ్ళూ మనుషులేగా."

పావుగంటలో పని అయిపోయింది. ఏలకుల రొట్టె తిన్నారు. ఇంకా మూడు గంటలు మిగిలాయి.

రెండో ఏడు తీగ కిటికీని అందుకుంది. నాలుగో ఏడు చూరును. తర్వాత తర్వాత ఆర్వో పూలు చూడ్డానికి కూడా రాసాగాడు. రేవులో ఓడ కూత వినపడగానే సైమి పొయ్యి మీద కాఫీ పెట్టేది.

తొమ్మిదో అక్టోబరు. తీగల మోపును రెండు చేతులా కావలించుకుని, ఆర్వో మెల్లగా గుంటలోకి వాలుస్తున్నాడు. సైమి పారతో మట్టి వేస్తోంది.

"సైమీ."

"ఊఁ."

"ఆ కవరు నువ్వు సరిగ్గా అంటించలేదు."

పార ఆగింది.

"డబ్బా దగ్గర ఊడొచ్చింది. చదివాను. మళ్ళీ నేనే అంటించి వేశాను."

"తొమ్మిదేళ్ళ నించీ తెలుసా నీకు!"

"ముందు మట్టి వెయ్యవే తల్లీ, చేతులు పీకేస్తున్నాయి."

అతని చెంప మీద ముల్లు గీరింది. సైమి గౌను అంచుతో రక్తం తుడిచింది. తుడవడానికి పట్టాల్సిన దానికన్నా ఎక్కువసేపే తుడిచింది.

వెళ్ళేటప్పుడు అతని కోటు జేబులో ఒక జత మేజోళ్ళు కుక్కింది.

"నాకు కాళ్ళు..."

"తెలుసు. రెండే."

గేటు దగ్గర వెనక్కి తిరిగాడు.

"ఏప్రిల్లో నేనొచ్చే దాకా ఒక్కదానివే లేపకు. విరిగిపోతుంది."

ఏప్రిల్ చివర్న మట్టి మెత్తబడింది. సైమి పారను గోడకు ఆనించి, గుంట గట్టు మీద కూర్చుంది.

ఆర్వో తిరిగి రాలేదు. గడిచిన నవంబరు పదిహేడు, మంగళవారం, తుఫానులో ఓడ మునిగింది.